రోడ్డు విస్తరణలో పోయే చెట్లకు సరైన బదులు రాబట్టడం ఎలా?

మీ ఊరి మీదుగా వెళ్లే రోడ్డును వెడల్పు చేయబోతున్నారని తెలిసిన రోజుకూ, చెట్లపై మొదటి రంపం పడే రోజుకూ మధ్య నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడుస్తాయి. పోయే పచ్చదనానికి బదులుగా ఏమి వస్తుందన్నది ఆ మధ్యకాలంలోనే తేలిపోతుంది. చెట్లు నేలకూలిన తరువాత ఎవరెంత పోరాడినా చేతికి వచ్చేది సాధారణంగా ఒక అంకె మాత్రమే: ఒక చెట్టుకు రెండు మొక్కలనో, అయిదు మొక్కలనో, పది మొక్కలనో. ఆ మొక్కలు ఏ జాతివి, ఎక్కడ నాటుతారు, మూడో వేసవిలో వాటికి నీళ్లు ఎవరు పోస్తారు, ఎండిపోయినవాటి స్థానంలో మళ్లీ ఎవరి ఖర్చుతో నాటుతారు అన్న ప్రశ్నలకు అనుమతి పత్రంలోనే సమాధానం లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రోడ్డు పక్క ఊళ్లవారు, విద్యార్థులు, స్వచ్ఛంద బృందాలు ఈ పనిని మొదటినుంచి ఎలా నడపవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

చెట్టు ఏ నేలలో ఉందో ముందు తేల్చుకోండి

వర్తించే చట్టం చెట్టును బట్టి గాక, అది నిలిచిన నేలను బట్టి మారుతుంది. అందువల్ల విస్తరణ జరిగే దారిని మూడు రకాల ముక్కలుగా విడదీసి చూడాలి.

మొదటిది అటవీ భూమి. రోడ్డు రిజర్వు ఫారెస్టు గుండా వెళ్తుంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుంది. 2023లో ఈ చట్టాన్ని సవరించి పేరు కూడా మార్చారు. ఆ సవరణ 2023 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టం కింద భూమిని మళ్లించాలంటే కేంద్రం అనుమతి, ప్రత్యామ్నాయ అటవీకరణ పథకం తప్పనిసరి. రోడ్ల వంటి పొడవాటి ప్రాజెక్టులకు, పోయిన విస్తీర్ణానికి రెట్టింపు మేర క్షీణించిన అటవీ భూమిలో మొక్కలు పెంచడానికి ప్రాజెక్టు సంస్థ డబ్బు చెల్లించడం సాధారణ పద్ధతి. ఆ డబ్బు 2016 చట్టం ద్వారా ఏర్పడిన కంపా (ప్రత్యామ్నాయ అటవీకరణ) నిధికి చేరుతుంది; అందులో 90 శాతం రాష్ట్ర నిధికి, 10 శాతం జాతీయ నిధికి వెళ్తుంది. ప్రతిపాదన పత్రాలు, పటాలు కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. ప్రాజెక్టు పేరుతో వెతికి వాటిని దింపుకోండి.

రెండవది అటవీ భూమి కాని ప్రభుత్వ స్థలం, అంటే రోడ్డు అంచు. మన ఊళ్లలో మర్రి, చింత, వేప, కానుగ ఎక్కువగా నిలిచి ఉన్నది ఇక్కడే. ఇక్కడ వర్తించేది 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అని పిలిచేది. రోడ్డు వేసేది ప్రభుత్వ శాఖే అయినా ముందస్తు అనుమతి తీసుకోవాలి. బదులుగా మొక్కలు నాటాలన్న షరతు కూడా ఆ అనుమతిలోనే రావాలి. కాబట్టి మీరు మొదట కలవవలసినది జిల్లా అటవీ అధికారి కార్యాలయాన్ని.

మూడవది పట్టా భూమి. జాతీయ రహదారి కోసం భూమి తీసుకుంటున్నప్పుడు, 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 3ఎ సెక్షన్ కింద ప్రకటన వెలువడిన 21 రోజులలోగా ఆ భూమిలో హక్కు ఉన్నవారు అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. రైతులు సాధారణంగా పరిహారం మొత్తం గురించే రాస్తారు. గట్టు మీది పెద్ద చెట్లను తప్పించేలా రోడ్డు గీతను, అంటే రోడ్డు వెళ్లే మార్గాన్ని, జరపమని కోరడానికీ చేతిలో ఉన్న సమయం అదే.

మరొక మాట. ప్రజాభిప్రాయ సేకరణ జరిగేదాకా ఆగుదామని అనుకోకండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసేటప్పుడు పొడవు 100 కిలోమీటర్లు దాటి, అదనంగా తీసుకునే వెడల్పు పాత దారి వెంట 40 మీటర్లు, బైపాస్‌ల దగ్గర 60 మీటర్లు దాటితేనే పర్యావరణ అనుమతి అవసరమవుతుంది. మన చుట్టూ జరిగే విస్తరణలలో చాలావాటికి ఆ అవసరమే రాదు. అంటే అధికారులు మీ ఊరికి వచ్చి మీ మాట అడిగే రోజు ఉండకపోవచ్చు.

చెట్ల లెక్క మీరే రాయండి

శాఖ చేసే గణనలో చెట్టు సంఖ్య, జాతి, చుట్టుకొలత ఉంటాయి. దాని అసలు ఉద్దేశం కలప విలువ కట్టడం. మీ లెక్క అంతకంటె ఎక్కువ చెప్పాలి. నలుగురు మనుషులు, ఒక టేపు, స్థానం నమోదు చేసే ఫోను ఉంటే చాలు. నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తులో కాండం చుట్టుకొలత తీయండి. ఊడలమర్రి అయితే ప్రధాన కాండాన్ని, నేలలోకి దిగి మందంగా మారిన ఊడలను వేర్వేరుగా రాయండి. కొమ్మల నీడ ఎంత విస్తరించిందో తూర్పుపడమరలుగా ఒకసారి, ఉత్తరదక్షిణాలుగా ఒకసారి కొలిచి సగటు వేయండి. రోడ్డు మధ్య గీతనుంచి కాండం ఎన్ని మీటర్ల దూరంలో ఉందో తప్పక రాయండి. తరువాత బేరమంతా ఆ దూరం మీదే నడుస్తుంది. గూళ్లు, తొర్రలు, తేనెపట్లు, చెట్టు కింద గుడి గద్దె, బస్సు కోసం జనం నిలబడే చోటు వంటివి కూడా రాసి, ప్రతి చెట్టుకూ తేదీతో ఫొటో తీయండి.

దాదాపు అందరూ వదిలేసే భాగం చెట్ల కింద ఉంటుంది. రోడ్డు అంచున పెరిగే తంగేడు, బలుసు, వాక, ఉత్తరేణి, గునుగు, రేగు, రకరకాల గడ్డి ఏ గణనలోనూ చెట్టుగా లెక్కకు రావు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మ పేర్చడానికి ఊరి ఆడవాళ్లు తెచ్చుకునే పువ్వు. అయినా కిలోమీటర్ల కొద్దీ తంగేడు పొదలను యంత్రంతో చదును చేసినప్పుడు ఎవరూ ఒక్క కాగితం రాయరు. వంద మీటర్లకు ఒకచోట పది మీటర్ల పొడవు ముక్కను ఎంచుకుని, అందులో ఏయే మొక్కలు ఉన్నాయో రాస్తే ఈ లోటు తీరుతుంది. పేర్లు తెలియకపోతే మేకలు కాచేవారిని అడగండి. అంత బాగా చెప్పగలవారు దొరకరు.

ఈ వివరాలను గ్రామ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ముందు పెట్టి, జన జీవవైవిధ్య రిజిస్టరులో చేర్పించండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడిన కమిటీ ఇది. రేపు కోర్టుకు వెళ్లవలసి వస్తే, బృందం రాసుకున్న నోటుపుస్తకం కంటె ఈ రిజిస్టరుకు ఎక్కువ బరువు ఉంటుంది.

మిగిల్చేది అడిగాకే బదులు అడగండి

బదులు అనేది చివరి మెట్టు. దానికి ముందు చెట్టును తప్పించగలరా, తగ్గించగలరా, తరలించగలరా అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబు రావాలి. వందేళ్ల మర్రికి ఇరవై మొక్కలు సమానమని ఒప్పుకోవడం అంటే, రాబోయే యాభై ఏళ్ల నీడనూ పక్షుల తిండినీ ముందే వదులుకోవడం. జువ్వి, రావి, మేడి, మర్రి వేర్వేరు కాలాల్లో కాస్తాయి కనుక, మిగతా పండ్లు లేని నెలల్లో పక్షులను, గబ్బిలాలను బతికించేవి అవే.

అడిగితే ఏమి వస్తుందో చేవెళ్ల దారి చూపించింది. హైదరాబాద్–బీజాపూర్ రహదారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. విస్తరణలో ఇవన్నీ పోతాయన్నప్పుడు పర్యావరణ ప్రేమికులు ఒక్కొక్క చెట్టునూ గుర్తించి, లెక్క రాసి, జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనాన్ని ఆశ్రయించారు. 2025 చివరికి తేలినదేమిటంటే, చెట్లలో అధిక భాగాన్ని ఉన్నచోటే ఉంచి, తప్పనిసరి అయినవాటిని తరలించేలా రోడ్డు గీతను సవరించడం సాధ్యమేనని. అదే దారిలో 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర జరిగిన బస్సు ప్రమాదంలో 19 మంది ప్రాణాలు పోయాయి. రోడ్డు వెడల్పు కావాలన్న ఊళ్లవారి మాటలో న్యాయం ఉంది, దానిని తక్కువ చేసి మాట్లాడకూడదు. చెట్ల కోసం అడిగేవారు రోడ్డు వద్దనేవారు కారని మొదటి వినతిపత్రంలోనే స్పష్టంగా రాయండి; ఆ తరువాత ఊరంతా మీతో నిలబడే అవకాశం ఉంటుంది.

అడగవలసిన మార్పులు ఇలా ఉంటాయి. చెట్లు ఒకవైపే దట్టంగా ఉంటే రెండోవైపు మాత్రమే వెడల్పు చేయమనండి. రెండువైపులా ఉంటే ఒక చెట్ల వరుసను కొత్త రోడ్డు మధ్య విభజన స్థలంలో నిలిపేలా వాహనాల కొత్త వరుసలను ఆ చెట్ల వెనకగా వేయమనండి. ఊరి లోపల అయితే బైపాస్ అడగండి. మీ లెక్కలోని దూరాల పట్టిక ఇక్కడ పనికివస్తుంది: ఫలానా కిలోమీటరు దగ్గర ఫలానా చెట్టు మధ్య గీతకు ఇంత దూరంలో ఉంది, గీతను ఇన్ని మీటర్లు జరిపితే ఇన్ని చెట్లు మిగులుతాయి అని చెప్పగలిగితే ఇంజనీరు జవాబు చెప్పక తప్పదు.

తరలింపు విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. మర్రి, రావి, జువ్వి జాతులు కొమ్మలు కత్తిరించి తరలించినా తిరిగి వేళ్లూనుకోగలవు. లోతైన తల్లివేరు ఉన్న ముదురు చింత, మామిడి, ఇప్ప వంటివాటికి ఆ అవకాశం చాలా తక్కువ. పని సరిగా జరగాలంటే కొన్ని వారాల ముందునుంచే వేళ్లచుట్టూ దశలవారీగా కందకం తవ్వాలి, తల్లిమట్టి గడ్డ చెదరకుండా ఎత్తాలి, తొలకరికి ముందు కొత్త గోతిలో దించాలి, రెండు వేసవులు నీరు పెట్టాలి. ఒకే రోజున పొక్లెయిన్‌తో పెకలించి లారీలో వేసుకుపోయే పనిని తరలింపు అని ఒప్పుకోకండి. ఆ చెట్టు రెండేళ్ల తరువాత బతికి ఉంటేనే తరలించినట్టు లెక్క, లేకపోతే నరికినట్టే లెక్క అన్న వాక్యాన్ని షరతుల్లో రాయించండి.

అనుమతిలో ఏ షరతులు ఉండాలి

మొత్తం పనిలో ముఖ్యమైన ఘట్టం ఇదే. షరతులు సరిగా లేకపోతే ఏమవుతుందో కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013 నివేదికలో ఉంది: 2006 నుంచి 2012 వరకు మళ్లించిన అటవీ భూమికి బదులుగా రావలసిన అటవీయేతర భూమిలో 27 శాతమే అటవీ శాఖల చేతికి అందింది. చట్టం, సుప్రీంకోర్టు పర్యవేక్షణ రెండూ ఉన్న చోట పరిస్థితి అది. వాల్టా అనుమతుల మీద అంత నిఘా కూడా ఉండదు.

కాబట్టి జిల్లా అటవీ అధికారికి, రోడ్డు సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు, కలెక్టరుకు ఇచ్చే వినతిలో ఈ కింది వాటిని విడివిడిగా, అంకెలతో అడగండి. మొదటగా, బాధ్యత మొక్కల సంఖ్యకు గాక, బతికిన మొక్కల సంఖ్యకు ఉండాలి. అయిదో ఏడు చివర లెక్కించినప్పుడు ఇన్ని మొక్కలు ఇంత ఎత్తులో ఉండాలని రాయాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 గ్రామాలలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని సర్పంచులపై బాధ్యత పెట్టింది. ఊరి సర్పంచును అడిగే లెక్కను రోడ్డు సంస్థను ఎందుకు అడగకూడదు? ఇంత సూటిగా అడగడంలో తప్పు లేదు. రెండవది, నాటే స్థలం సర్వే నంబరుతో, హద్దులతో ముందే ఖరారు కావాలి. స్థలం చూపించకుండా నరికే అనుమతి రాకూడదు. మూడవది, డబ్బు. అయిదేళ్ల నీరు, కాపలా, మళ్లీ నాటే ఖర్చు కలిపి ముందే డిపాజిట్ చేయించాలి. 2015 నాటి గ్రీన్ హైవేస్ విధానం జాతీయ రహదారుల ప్రాజెక్టు వ్యయంలో 1 శాతాన్ని మొక్కల పెంపకానికి కేటాయించాలని చెప్పింది. మీ ప్రాజెక్టులో ఆ మొత్తం ఎంత, ఎంత ఖర్చయింది అని అడిగే హక్కు మీకు ఉంది. నాలుగవది, రోడ్డు కోసం తీసే పైపొర మట్టి, సుమారు 15 సెంటీమీటర్ల మందం, విడిగా పోసి ఉంచి నాటే స్థలంలో పరచాలి. తంగేడు, గడ్డి జాతుల విత్తనాలు ఉండేది ఆ పొరలోనే. రోడ్డు పనుల నిబంధనల్లో పైపొర మట్టిని కాపాడాలన్న మాట ఉంది, దానిని అమలు చేయించడమే మిగిలింది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో స్థానిక వృక్షసంపదను తొలగించాలంటే విస్తీర్ణంతో పాటు దాని నాణ్యతను కూడా కొలుస్తారు. ఎంచుకున్న బదులు స్థలాన్ని తొలగింపు మొదలయ్యే ముందే కట్టుబాటులోకి తీసుకోవాలి. మన దగ్గర అటువంటి కొలమానం లేదు కనుక, నీడ విస్తీర్ణాన్ని కొలమానంగా పెట్టమని నేను సూచిస్తాను. మీ లెక్కలోని నీడలన్నీ కూడితే వచ్చే చదరపు మీటర్లు పోయిన ఆస్తి; నాటబోయే మొక్కలు ఇరవై ఏళ్లకు ఎంత నీడ ఇస్తాయో అటవీ శాఖే అంచనా వేసి చెప్పాలి. చెట్టుకు కలప ధర మించిన విలువ ఉందని వాదించడానికి మీకు ఒక ఆధారం కూడా ఉంది: పశ్చిమ బెంగాల్‌లోని జెస్సోర్ రోడ్డు చెట్ల కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ ఒక్కో చెట్టు విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా లెక్కగట్టింది. చివరకు 2023లో 356 చెట్లను నరకడానికి కోర్టు అనుమతించినా, విలువ కట్టే పద్ధతి మీద అధికారుల ముందు మాట్లాడడానికి ఆ నివేదిక ఉపయోగపడుతుంది.

ఏ జాతులు, ఎక్కడ, ఎప్పుడు

పోయిన జాతులే తిరిగి రావాలని పట్టుబట్టండి. మర్రికి మర్రి, చింతకు చింత, కానుగకు కానుగ. నర్సరీలో దొరకలేదన్న సాకుతో త్వరగా పచ్చబడే పరాయి జాతులను తెస్తారు. హరితహారంలో విరివిగా నాటి, ఆ తరువాత నాటవద్దని ప్రభుత్వమే చెప్పిన కోనోకార్పస్ అందరికీ తెలిసిన ఉదాహరణే. ఈ సాకు రాకుండా ఉండాలంటే, పని మొదలయ్యే ఏడాది ముందే గ్రామ నర్సరీకి జాతుల పట్టిక ఇచ్చి, పోబోయే చెట్లనుంచే విత్తనాలు, మర్రి కొమ్మలు సేకరించి పెంచమని కోరండి. మూరెడు మొక్కలు మేకలకు ఆహారమవుతాయి. మనిషెత్తు మొక్కలే కావాలని అడగండి.

స్థలం ఎంపికలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. కొత్త రోడ్డు అంచునే మళ్లీ నాటితే, ఆరు వరుసల విస్తరణ వచ్చిన రోజున అవీ పోతాయి. నీడ కోసం ఒక వరుసను రోడ్డు స్థలం చిట్టచివరి అంచున, కరెంటు తీగలకు దూరంగా నాటించి, మిగిలినవాటికి చెరువు కట్టలు, బడి ఆవరణలు, శ్మశాన వాటికలు వంటి మారని స్థలాలను చూపండి. ఇక రెండో తప్పు, పశువులు మేసే బంచరాయి భూమిని ఖాళీ స్థలంగా చూసి గోతులు తవ్వడం. గడ్డినేల కూడా స్థానిక వృక్షసంపదే. ఒకదాన్ని పోగొట్టి ఇంకొకదానికి బదులు చెప్పుకోవడం కుదరదు.

గోతులు ఏప్రిల్, మే నెలల్లో రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పుతో తవ్వి ఎండనివ్వాలి. చివికిన పశువుల ఎరువు, వేపపిండి, పైపొర మట్టి కలిపి నింపి, నేల బాగా తడిసిన తరువాత నాటాలి. తెలంగాణలో జూన్ చివరినుంచి ఆగస్టు దాకా అదను. నెల్లూరు, తిరుపతి ప్రాంతాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు వచ్చే అక్టోబరు మంచిది.

నాటిన తరువాత

ప్రతి ఏటా రెండుసార్లు, వేసవి ముగిశాక ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి, మీ బృందం మొక్కలను లెక్కపెట్టాలి. మొక్క స్థానం, జాతి, ఎత్తు, బతికి ఉందా అన్న నాలుగు గడులున్న పట్టిక చాలు. ఆ పట్టికను గ్రామసభలో చదివి తీర్మానంగా రాయించి, ప్రతిని అటవీ శాఖకు పంపి రసీదు తీసుకోండి. అదే సమయంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల రుసుముతో, అనుమతి ప్రతి, డిపాజిట్ మొత్తం, నాటిన స్థలాల జాబితా, శాఖ చేసిన తనిఖీ నివేదికలు అడగండి. జాతీయ రహదారి అయితే కేంద్ర సంస్థకు, రాష్ట్ర రోడ్డు అయితే రోడ్లు భవనాల శాఖకు, రెండు సందర్భాల్లోనూ జిల్లా అటవీ అధికారికి వేర్వేరు దరఖాస్తులు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు చేయండి. శాఖ లెక్కకూ మీ లెక్కకూ తేడా కనిపిస్తే, కలెక్టరు సమక్షంలో ఉమ్మడి తనిఖీ కోరండి. మూడు పక్షాలు కలిసి నడిచి లెక్కించిన అంకెను తరువాత ఎవరూ కాదనలేరు.

షరతులు అమలు కాకపోతే ఎక్కడికి వెళ్లాలన్నది జాగ్రత్తగా ఎంచుకోండి. జాతీయ హరిత ట్రైబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో అటవీ సంరక్షణ చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం, జీవవైవిధ్య చట్టం ఉన్నాయి, వాల్టా లేదు. కేవలం వాల్టా షరతు ఉల్లంఘనే మీ ఫిర్యాదు అయితే హైకోర్టులో రిట్ వేయడం మేలు. అటవీ భూమి, పర్యావరణ అనుమతి, జీవవైవిధ్య అంశాలు ఉంటే చెన్నైలోని దక్షిణ ధర్మాసనానికి వెళ్లవచ్చు. వివాదానికి కారణం మొదట తలెత్తిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. చాలా బృందాలు వినతులు రాస్తూ ఈ గడువును దాటించుకుంటాయి. అందుకే మొదటి ఉల్లంఘన కంటపడిన తేదీని పట్టికలో విడిగా రాసి, ఆ రోజునుంచి నాలుగో నెలలో న్యాయవాదిని కలవండి. లెక్కలు, ఫొటోలు, గ్రామసభ తీర్మానాలు, రసీదులు అప్పటికే ఒకే ఫైలులో తేదీల వరుసలో ఉండాలి.